తిరిగి రాగలిగినంత దూరం

(పాత ఎనిమిది బిట్ల ఆర్పీజీల గురించి, అంటే ఒక పాత్రను నడిపిస్తూ పోరాడి దాని బలం పెంచుకుంటూ పోయే వీడియో ఆటల గురించి, గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, మొహమాటం వద్దు.

ముందుగా మీకో ప్రశ్న. మీరు ఒక గుహలో ఉన్నారు. మీ హీరో ప్రాణం సగానికి పడిపోయింది. చేతిలో ఒకే ఒక్క మూలిక ఉంది. దివిటీ ఆరిపోతే ఇంకోటి లేదు. ఎదురుగా కిందకి మెట్లు కనిపిస్తున్నాయి. వెనక, చాలా దూరంలో ఊరు, ఊళ్లో సత్రం. దిగుతారా? వెనక్కి తిరుగుతారా? దిగేవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం మంది. తిరిగేవాళ్లు? మిగతా సగం. నాకు కావలసింది ఇదే. ఈ గదిలో ఇంతమంది ఉండి రెండుగా చీలిపోయారంటే ఆ ప్రశ్నలో సత్తా ఉన్నట్టే కదా?

ఈ పూట నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. 1980లలో వచ్చిన ఎనిమిది బిట్ల ఆర్పీజీలను తలచుకున్నప్పుడు జనం సంగీతం గురించి చెబుతారు, రాక్షసుల బొమ్మల గురించి చెబుతారు, కథ గురించి చెబుతారు. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ ఆ ఆటల ప్రాణం వేరేచోట ఉందని నా నమ్మకం. ఎంత దూరం పోవచ్చు, ఎక్కడ ఆగి వెనక్కి తిరగాలి అన్న నిర్ణయంలో ఉంది. చిన్నప్పుడు తిరునాళ్లకు పోయినప్పుడు తిరుగు బస్సు చార్జీ వేరే జేబులో పెట్టుకుని, మిగిలినదే ఖర్చు పెట్టేవాళ్లం గుర్తుందా? ఆ ఆటలు ఆడినంతసేపూ మనసులో ఆ లెక్కే నడుస్తూ ఉంటుంది.

సరే, ఎనిమిది బిట్లు అంటే ఏ యంత్రాలు? ముఖ్యంగా రెండు. నింటెండో వాళ్ల ఫామికామ్, జపాన్‌లో 1983 జులైలో వచ్చింది. సెగా వాళ్ల మాస్టర్ సిస్టమ్, జపాన్‌లో దాని పేరు మార్క్ త్రీ, 1985లో వచ్చింది. ఫామికామ్‌లో ప్రాసెసర్ వాడుకునే మెమరీ 2 కిలోబైట్లు. మళ్లీ చెబుతున్నాను, కిలోబైట్లు. ఆటలో ఉన్న సమస్తం, మీ డబ్బు, మీ లెవెల్, ఎదురుగా ఉన్న రాక్షసుడి ప్రాణం, ఏ పెట్టె తెరిచారు, ఏది తెరవలేదు, ఇవన్నీ ఆ కాస్తలోనే గుర్తుంచుకోవాలి.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మీ అమ్మానాన్నల్లో చాలామంది ఆ యంత్రం ఆడే ఉంటారు. తొంభైలలో మన ఊళ్లలో 'వీడియో గేమ్' అని రకరకాల పేర్లతో అమ్మిన డబ్బాలు చాలా వరకు లోపల ఫామికామ్ నకళ్లే. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట. క్యాసెట్ పెట్టకపోతే దాన్ని తీసి నోటితో ఊది మళ్లీ పెట్టడం. ఇవన్నీ మన జ్ఞాపకాలే. మరి అదే యంత్రంలో అంత గొప్ప ఆర్పీజీలు ఉంటే అవి మన ఇళ్లకు ఎందుకు రాలేదు? ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక కారణం భాష. చాలా ఆర్పీజీలు జపనీస్‌లో ఉన్నాయి, ఇంగ్లీషులో వచ్చినవి అమెరికా దాటి పెద్దగా పోలేదు. రెండో కారణం క్యాసెట్. మనకొచ్చిన 'వందల ఆటలు ఒకే దాంట్లో' రకం క్యాసెట్లలో చిన్న ఆటలే పడతాయి. ఆర్పీజీకి పెద్ద చిప్పు కావాలి, సేవ్ చేసుకోవడానికి క్యాసెట్ లోపల బటన్ బ్యాటరీ కావాలి. చవగ్గా అమ్మాల్సినవాడు ఆ ఖర్చు పెట్టుకోడు. అందుకని నా తరం తెలుగు పిల్లలకు ఈ ఆటలు పెద్దయ్యాకే పరిచయం. నేను ఉద్యోగంలో చేరాక ఆడాను. చిన్నప్పుడు కాంట్రా ఆడిన అదే మోత, అదే రంగులు, కానీ పూర్తిగా వేరే ప్రపంచం. మా ఇంట్లోనే ఉన్న డబ్బాకి ఇంత శక్తి ఉందా అని ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యం ఇంకా తగ్గలేదండీ.

ఇక అసలు ఆటలోకి వద్దాం. డ్రాగన్ క్వెస్ట్. 1986 మే 27. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని పిల్లలే.

కథ, డిజైన్ యూజీ హోరీ. ప్రోగ్రామింగ్ కోయిచి నకమురా, ఆయన బృందం. బొమ్మలు అకిరా తోరియామా, అవును, డ్రాగన్ బాల్ తోరియామాయే. సంగీతం కోయిచి సుగియామా. హోరీ, నకమురా ఇద్దరూ ఎనిక్స్ కంపెనీ పెట్టిన ప్రోగ్రామింగ్ పోటీలో గెలిచి వచ్చినవాళ్లు. 1983లో వాళ్లు శాన్ ఫ్రాన్సిస్కోలో యాపిల్ కంప్యూటర్ల ప్రదర్శనకు వెళ్లి, విజార్డ్రీ అనే ఆట చూశారు. అమెరికాలో కంప్యూటర్ ఆర్పీజీలు అప్పటికే ముదిరిపోయాయి. కీబోర్డు నిండా కమాండ్లు, లావుపాటి మాన్యువల్. దాన్ని రెండు బటన్ల కంట్రోలర్ పట్టుకున్న పిల్లవాడికి ఎలా అందించాలి? ఇదీ హోరీ ముందున్న సమస్య.

క్యాసెట్ మొత్తం 64 కిలోబైట్లు. చోటు చాలదు. జపనీస్ కటకానా అక్షరాలన్నీ పెట్టడానికి కూడా చోటు లేక కొన్నిటినే ఎంచుకుని, ఆ కొన్ని అక్షరాలతో వచ్చే పేర్లే రాక్షసులకూ ఊళ్లకూ పెట్టారు. హీరో బొమ్మ ఎప్పుడూ మన వైపే చూస్తూ ఉంటుంది. పక్కకి నడిచినా, పైకి నడిచినా మొహం ఇటే. అందుకని ఎవరితోనైనా మాట్లాడాలంటే ఏ దిక్కున ఉన్నవాడితో అని కూడా చెప్పాలి. తర్వాత అమెరికాకు వచ్చిన కాపీలో హీరో తిరుగుతాడు, జపాన్ మొదటి కాపీలో తిరగడు.

ఇప్పుడు ఆట మొదలుపెట్టండి. రాజుగారి గదిలో ఉంటారు. తలుపు తాళం వేసి ఉంది. గదిలో పెట్టెలున్నాయి, వాటిలో డబ్బు, దివిటీ, తాళంచెవి. రాజుతో మాట్లాడాలి, పెట్టెలు తెరవాలి, తాళం తీయాలి, మెట్లు దిగాలి. ఈ నాలుగు పనులూ వస్తే ఆటలో కావలసిన పనులన్నీ వచ్చినట్టే. పాఠం చెబుతున్నట్టు ఎక్కడా అనిపించదు. గదే పాఠం. మీరు డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లు కాబట్టి అడుగుతున్నాను, ఈ రోజుల్లో ఆటల్లో మొదటి అరగంట తెర మీద బాణం గుర్తులు పెట్టి ఇది నొక్కు, అది నొక్కు అంటారే, ఈ గదికి అది సాటి వస్తుందా?

కోట బయటకు వస్తారు. నీటికి అవతల, కళ్లెదురుగా ఇంకో కోట కనిపిస్తుంది. అది ఆటలో అసలు శత్రువు డ్రాగన్ లార్డ్ కోట. ఆట ముగిసే చోటు! మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. చూడటానికి దగ్గర, కానీ అక్కడికి చేరాలంటే దేశమంతా చుట్టి రావాలి.

తర్వాత ఒక వంతెన వస్తుంది. వంతెన దాటితే రాక్షసులు బలంగా ఉంటారు. ఎవరూ చెప్పరు. బోర్డు ఉండదు. ఒకసారి దాటి దెబ్బ తింటే చాలు, ఇక ఆట మొత్తం వంతెన అంటే భయం పట్టుకుంటుంది. అడ్డంగా గోడ కట్టలేదు, గేటు పెట్టలేదు. ధైర్యం ఉంటే మొదటి లెవెల్‌లోనే దాటిపో. పోతే పో, నీ ఇష్టం. కానీ తిరిగి రాగలవా? చూడండి, ఆ ప్రశ్న ఇక్కడే మొదలైంది.

చచ్చిపోతే ఏమవుతుంది? ఇది చాలా ముఖ్యం, వినండి. రాజుగారి ముందు కళ్లు తెరుస్తారు. ఆయన కాస్త మందలిస్తాడు. మీ దగ్గరున్న డబ్బులో సగం పోతుంది. కానీ సంపాదించిన అనుభవం, లెవెల్, అవి పోవు. డబ్బు సగం పోయింది, నేర్చుకున్నది మిగిలింది. ఎంత ఆలోచించి పెట్టిన శిక్ష అది! పిల్లవాడు ఏడవడు, కానీ నిర్లక్ష్యంగానూ ఉండడు. కత్తి కొనడానికి దాచిన డబ్బు జేబులో ఉన్నప్పుడు ప్రతి అడుగూ ఆచితూచి వేస్తాడు.

ఇంకా ఉంది. సేవ్ చేసుకోవాలంటే రాజుగారి దగ్గరికే రావాలి. లోకమంతటికీ అదొక్కటే చోటు. జపాన్‌లో అయితే ఆయన 20 అక్షరాల మంత్రం చెబుతాడు, దాన్ని కాగితం మీద రాసుకోవాలి. అమెరికాకు 1989లో వచ్చేసరికి బ్యాటరీ పెట్టారు, అయినా వెళ్లాల్సింది రాజు దగ్గరికే. ఎంత దూరం పోయినా మళ్లీ ఇంటికి రావాల్సిందే.

గుహల్లో చీకటి. దివిటీ వెలిగిస్తే మీ చుట్టూ ఒక్క గడి కనిపిస్తుంది, అంతే. సుగియామా చేసిన పని ఒకటి నాకు ప్రాణం. గుహలో ఒక్కో అంతస్తు కిందకి దిగేకొద్దీ అదే సంగీతం మంద్రంగా, నెమ్మదిగా మారుతుంది. కొత్త పాట పెట్టడానికి చోటు లేదు, ఉన్న పాటనే కిందకి దించాడు. తెర మీద గోడలు అవే, రంగులు అవే. కానీ మీ చెవికి తెలుస్తుంది, నువ్వు ఇంటికి ఇంకా దూరమయ్యావు అని.

రాకుమారిని విడిపించాక ఆమె ఒక వస్తువు ఇస్తుంది. దాన్ని వాడితే ఏం చెబుతుందో తెలుసా? కోట నుంచి మీరెంత దూరంలో ఉన్నారో. ఉత్తరం దక్షిణం ఎన్ని అడుగులు, తూర్పు పడమర ఎన్ని అడుగులు. ఆ లెక్కతోనే ఒక ముఖ్యమైన వస్తువు దొరుకుతుంది, కోటకు దక్షిణాన 70, తూర్పున 40 అడుగుల దూరంలో. అంటే ఈ ఆటలో ప్రేమకానుక కూడా ఇంటికి దూరం చెప్పే సాధనమే. హోరీ ఇవన్నీ ఒకే ఆలోచనతో కట్టాడా, లేక మెమరీ ఇబ్బంది ఆయన్ని అటు నడిపించిందా? రెండూ కలిసే జరిగాయని నేననుకుంటాను. లోకం చిన్నది. చిన్న లోకాన్ని పెద్దదిగా చూపాలంటే ఒకే దారిలో పదిసార్లు నడిపించాలి. పదిసార్లు నడిపిస్తే విసుగు రాకూడదు. విసుగు రాకూడదంటే ప్రతిసారీ ఆ దారి వేరుగా ఉండాలి. మొదటిసారి స్లైమ్ అనే చిన్న రాక్షసి ఎదురైతే భయం. బలం పెరిగాక అదే దారిలో వస్తే అదే స్లైమ్ మిమ్మల్ని చూసి పారిపోతుంది! నిజంగా పారిపోతుంది, ప్రోగ్రామ్‌లో అలా రాసి ఉంది. దారి మారలేదు. మీరు మారారు. దానికి అదనంగా మ్యాప్ ఏమీ అక్కర్లేదు.

చివర్న డ్రాగన్ లార్డ్‌ను గెలిచారనుకోండి. వెంటనే పేర్లు పడవు. రాక్షసులు మాయమైపోతారు, మీరు వెనక్కి నడిచి రావాలి. అంతకాలం భయపడుతూ తిరిగిన నేల మీద ఒక్క పోరాటం కూడా లేకుండా, నడిచి, నడిచి, రాజుగారి దగ్గరకు. ఆ నడక ఆడని మనిషికి ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆడండి.

డ్రాగన్ క్వెస్ట్ రెండో భాగం 1987 జనవరిలో వచ్చింది. దాంట్లో గుహ ఒకటి ఉంది, రొందారుకియా అనే చోటికి పోయే దారి. గుంటల్లో పడతారు, దారులు తిరిగిన చోటికే తిరుగుతాయి, బయటపడితే మంచు మైదానంలో అంతకంటే ఘోరమైన రాక్షసులు. దాన్ని సరిగ్గా ఆడి చూసి సరిదిద్దే సమయం తయారీదార్లకు చాలలేదు. పైగా సేవ్ మంత్రం 52 అక్షరాల దాకా పోయింది. ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే అంతే సంగతులు. ఇంతకంటే దాని గురించి చెప్పను, మూడో దానికి వద్దాం.

మూడోది! 1988 ఫిబ్రవరి 10, బుధవారం. బడి ఉన్న రోజు. జపాన్‌లో షాపుల ముందు బారులు తీరారు, బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లల్ని పోలీసులు పట్టుకున్న వార్తలు వచ్చాయి. ముప్పై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దీంట్లో బ్యాటరీ సేవ్ వచ్చింది. కథకూ మ్యాప్‌కూ చోటు కావాలని మొదటి తెరలో బొమ్మ తీసేసి నల్ల తెర మీద పేరు మాత్రం వేశారు. ఇల్లు కట్టడానికి గుమ్మం చెక్క వాడుకున్నారు.

ఈ ఆటలో మనవాళ్లు ఉన్నారు, తెలుసా? ఎవరికైనా తెలుసా? అదిగో, ఆ అమ్మాయి చెయ్యెత్తింది. ఆ, అదే! బహరత. శభాష్ అమ్మా.

మూడో భాగం మ్యాప్ మన భూగోళం ఆకారంలోనే ఉంటుంది. ఇటలీ చోట రోమాలి, ఈజిప్టు చోట ఇసిస్, జపాన్ చోట జిపాంగ్. పోర్చుగల్ లాంటి పోర్టోగా రాజు దగ్గర ఓడ ఉంది. ఓడ ఇస్తాను, కానీ తూర్పు దేశం నుంచి నల్ల మిరియాలు తెచ్చిపెట్టు అంటాడు. తూర్పున ఏముంది? బహరత అనే ఊరు. నది ఒడ్డున ఊరు, మిరియాల దుకాణం, గుప్త అనే కుర్రాడు. వాడినీ, వాడు ప్రేమించిన పిల్లనీ దొంగల చెర నుంచి విడిపిస్తే మిరియాలు ఇస్తాడు. వాస్కో డ గామా 1498లో కాలికట్‌కు దేని కోసం వచ్చాడో బడిలో చదువుకున్నాం కదా. ఆ చరిత్రను జపాన్ పిల్లల ఆటలో ఒక ఓడ ధరగా మార్చేశాడు హోరీ. మొదటిసారి ఆ ఊళ్లో అడుగుపెట్టినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! ఇంకో సంగతి చూడండి. మిరియాలు తేవడం కూడా పోయి రావడమే. తెచ్చి రాజు చేతిలో పెడితేనే ఓడ.

ఇప్పుడు నేను చెప్పబోయే చోటు, నా దృష్టిలో మొత్తం ఎనిమిది బిట్ల ఆర్పీజీలన్నిటిలో గొప్పది. లాన్సెల్ అనే ఊరి గుడి. అక్కడి పూజారి మిమ్మల్ని పరీక్షకు పంపుతాడు. అప్పటిదాకా నలుగురు కలిసి తిరిగారు. ఈ గుహలోకి మాత్రం ఒక్కరే పోవాలి. మందు వేసే తోడు లేదు, మంత్రం వేసే తోడు లేదు. లోపలికి పోయాక ఒక నడవా వస్తుంది. గోడల మీద రాతి ముఖాలు. దగ్గరకు పోతే అవి మాట్లాడతాయి. ఏమంటాయి? వెనక్కి తిరుగు. అంతే. ఇంకో ముఖం. వెనక్కి తిరుగు. ఇంకోటి, మళ్లీ అదే.

ఒక్కసారి ఆలోచించండి. మూడు ఆటలుగా ఆడుతున్నవాడి మనసులో పలికే మాట అది. ప్రతి గుహలో, ప్రతి వంతెన దగ్గర మనకు మనమే చెప్పుకున్న మాట. తిరిగిపోదాం, మూలికలు అయిపోయాయి, తిరిగిపోదాం. ఆ లోపలి మాటను తీసి గోడకు పెట్టాడు. మన భయం మనకే ఎదురుగా నిలబడి మాట్లాడింది. పరీక్ష అయ్యి బయటకు వచ్చాక పూజారి ధైర్యం గురించే అడుగుతాడు. జవాబు నీకే తెలుసు అన్నట్టు వదిలేస్తాడు. ఎంత మర్యాద! ఆడేవాడి మీద ఎంత గౌరవం!

మూడో భాగం చివర్లో ఏం జరుగుతుందో చెప్పనా? ముప్పై ఏళ్లు దాటింది, చెప్పినా తప్పులేదు. పెద్ద గొయ్యి ఒకటి ఉంటుంది, దాంట్లోకి దూకితే కింద ఇంకో లోకం. చీకటి లోకం. నాలుగడుగులు వేసేసరికి ఆ తీరం, ఆ కోట, నీటికి అవతల ఇంకో కోట, ఎక్కడో చూసినట్టుంటుంది. అది మొదటి ఆటలోని దేశమే. జపాన్ పిల్లలు రెండేళ్ల కిందట నడిచిన నేల.

ఇప్పుడు ఇంకో ఆర్పీజీ, ఫైనల్ ఫాంటసీకి వద్దాం. 1987 డిసెంబర్ 18. హిరోనోబు సకగుచి నడిపించాడు, ప్రోగ్రామింగ్ ఇరాన్‌లో పుట్టిన నసీర్ గెబెల్లీ, సంగీతం నొబువో ఉయెమత్సు, బొమ్మలు యోషితాకా అమానో. ఇక్కడా వంతెన ఉంది, కానీ తలకిందులుగా. రాకుమారిని విడిపిస్తే రాజు వంతెన కట్టిస్తాడు. ఆ వంతెన మీద కాలు పెట్టగానే సంగీతం మొదలై, అప్పుడు కథ మొదలవుతున్నట్టు అక్షరాలు పడతాయి. డ్రాగన్ క్వెస్ట్‌లో వంతెన భయం, ఇక్కడ వంతెన పండగ.

కానీ పండగ ఎంతసేపు? చిత్తడి గుహ దాకా. ఆడినవాళ్లు నవ్వుతున్నారు, తెలుసు మీకు. ఈ ఆటలో అందరూ చచ్చిపోతే డబ్బు సగం కాదు, చివరి సేవ్ తర్వాత సంపాదించినదంతా పోతుంది. గుహల్లో సేవ్ లేదు. ఒక్కో స్థాయి మంత్రం అప్పటికి మూడో నాలుగో సార్లే వేయగలరు, మళ్లీ నిండాలంటే సత్రంలో పడుకోవాలి. విషం ఎక్కించే పురుగులు. అడుగున ఒక కిరీటం, దానికి కాపలాగా మాంత్రికుల గుంపు. వాళ్లను గెలిచి కిరీటం తీసుకున్నాక అసలు కష్టం. ఎందుకు? బయటకు తీసుకొచ్చే మంత్రం మీకింకా రాలేదు. నడిచి రావాలి! లోపలికి పోయేటప్పుడు సగం బలం దాచుకోనివాడు కిరీటం పట్టుకుని దారిలో చస్తాడు. అందుకే పోయే ముందు దుకాణంలో మందు సీసాలు కొనుక్కుంటారు. ఒక్కొక్కటిగా కొనాలి, ఒకేసారి పది అడిగే వీల్లేదు. బటన్ నొక్కుతూ కూర్చోవాలి. దాన్ని ఇప్పుడు లోపం అంటారు, లోపమే. అయినా ఆ నొక్కుడులో ప్రయాణానికి సామాను కట్టుకుంటున్న భావం ఉంది.

మూడో ఫైనల్ ఫాంటసీ, 1990, చివరి గోపురంలోనూ ఆ తర్వాతి చీకటి లోకంలోనూ సేవ్ చోటు లేదు. గంటలు పడుతుంది. అక్కడ మాత్రం ఆట హద్దు దాటిందని నా అభిప్రాయం. వెనక్కి తిరగడానికీ మనసొప్పదు, ముందుకు పోవడానికీ ఓపిక ఉండదు.

సెగా వైపు చూస్తే ఫాంటసీ స్టార్. ఫైనల్ ఫాంటసీ వచ్చిన రెండు రోజులకు, డిసెంబర్ 20న వచ్చింది. క్యాసెట్ 512 కిలోబైట్లు, మొదటి డ్రాగన్ క్వెస్ట్‌కు ఎనిమిది రెట్లు. కథానాయిక అలిస్, అన్నను చంపిన పాలకుడి మీద పగ తీర్చుకునే అమ్మాయి. ఆ రోజుల్లో ఆడపిల్లను ముందు నిలబెట్టి కథ చెప్పడం చిన్న సంగతి కాదు. బొమ్మల పనిలో ముఖ్యురాలు రియెకో కొదామా. గుహల్లో కళ్లతో చూస్తున్నట్టు ముందుకు కదిలే దారులు రాసింది యూజీ నాకా, తర్వాత సోనిక్ చేసినాయనే. దీంట్లో ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. మరి వెనక్కి తిరిగే భయం పోయిందా? పోలేదు, రూపం మారింది. గోడలన్నీ ఒకేలా ఉంటాయి, రెండు మలుపులు తిరిగితే ఎటు వచ్చామో తెలియదు. గళ్ల కాగితం మీద మ్యాప్ గీసుకోవాల్సిందే. గుహ అడుగున బలమంతా అయిపోయాక సేవ్ చేశారనుకోండి, ఆ దుస్థితినే దాచుకున్నట్టు. అన్నట్టు ఈ ఆటలో ఒక గుహ లోపల కేకుల దుకాణం ఉంది. రాక్షసుల మధ్య కేకులు అమ్ముతుంటారు. గవర్నర్‌గారికి కానుకగా కేకు పట్టుకెళ్లాలి! అది తీసుకుని జాగ్రత్తగా బయటకు నడిచి వచ్చిన దారి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

స్వీట్ హోమ్ పేరు విన్నవారు? తక్కువే. క్యాప్‌కామ్, 1989 డిసెంబర్. పాత బంగళాలోకి ఐదుగురు పోతారు, దెయ్యం బయటి దారి మూసేస్తుంది. ఊరు లేదు, సత్రం లేదు, ఉన్న మందు సీసాలు అన్నే. ఎవరైనా చచ్చిపోతే శాశ్వతంగా పోయినట్టే. ఇంతసేపూ నేను చెప్పిన ప్రశ్నలోంచి 'వెనక్కి' అన్న సగం తీసేయండి, ఏం మిగులుతుంది? భయం ఒక్కటే మిగులుతుంది. 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ ఈ ఆటను మళ్లీ చేద్దామని మొదలైనదే. ఒక జాతి ఆటలు మొత్తం ఆ మూసిన తలుపు నుంచి వచ్చాయంటే నమ్ముతారా?

చివరగా మదర్. 1989 జులై 27. షిగెసాటో ఇతోయి, ప్రకటనలకు మాటలు రాసే ఆయన, నింటెండోకు ఇచ్చిన ఆట. రాజులూ రాక్షసుల కాలం కథ కాదు. అమెరికాలో ఒక పల్లె, బేస్‌బాల్ బ్యాటు పట్టుకున్న పిల్లవాడు. ఉబ్బసం ఉంది వాడికి. సేవ్ చేయాలంటే నాన్నకు ఫోన్ చేయాలి. ఆ నాన్న ఎప్పుడూ కనిపించడు, గొంతు మాత్రమే. డబ్బు కూడా ఆయనే బ్యాంకులో వేస్తాడు, మనం ఏటీఎంలో తీసుకోవాలి. ఇల్లు అనేది ఇక్కడ ఒక చోటు కాదు, ఫోన్‌లో ఒక గొంతు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో నాన్న ఉన్న ఇళ్ల పిల్లలు మీలో ఉంటే వాళ్లకు నేను విడిగా చెప్పక్కర్లేదు.

ఆట పొడుగునా ఒక పాటలోని ఎనిమిది ముక్కలు వెతుకుతారు. చివరి శత్రువును ఏ ఆయుధంతోనూ గెలవలేరు. ఎంత కొట్టినా లాభం లేదు. పాడాలి. ఆ పాట వాణ్ని చిన్నప్పుడు పెంచిన తల్లి పాడిన జోల. అప్పటిదాకా ఈ ఆటలన్నిటిలో మనం ఇంటికి తిరిగి వస్తున్నాం, ఇక్కడ శత్రువుకు వాడి ఇల్లు గుర్తుచేస్తున్నాం. ఈ ఆట ఇంగ్లీషులోకి 1990లోనే మార్చి సిద్ధం చేశారు, కానీ అప్పుడు అమ్మలేదు. 2015లో గానీ అందరికీ అందలేదు. పాతికేళ్లు! అన్నేళ్లూ దాని కోసం ఎదురుచూసినవాళ్లు ఉన్నారు, వాళ్లకు నా నమస్కారం.

ఇప్పుడు ఇవన్నీ దొరుకుతున్నాయి. డ్రాగన్ క్వెస్ట్ మూడో భాగం కొత్త రూపంలో 2024 నవంబర్‌లో, మొదటి రెండు భాగాలూ 2025 అక్టోబర్‌లో వచ్చాయి. ఫైనల్ ఫాంటసీ మొదటి ఆరు భాగాలూ పిక్సెల్ రీమాస్టర్ పేరుతో ఉన్నాయి. ఫాంటసీ స్టార్ స్విచ్‌లో ఉంది, దానంతట అదే మ్యాప్ గీస్తుంది. బొమ్మలు అందంగా ఉన్నాయి, సంగీతం వాద్యబృందంతో వాయించారు, నేను కొనుక్కున్నాను, సంతోషంగా ఆడాను. కానీ ఎక్కడైనా సేవ్ పెట్టాక, ఆటోసేవ్ పెట్టాక, రాక్షసులు రాకుండా ఆపే బటన్ పెట్టాక, చిత్తడి గుహ మామూలు గుహ అయిపోయింది. కిరీటం తీసుకుంటాం, వచ్చేస్తాం. అంతే.

సమయం లేనివాళ్లకు ఆ సదుపాయాలు ఉండాలి. పసిపిల్లల్ని ఒడిలో పెట్టుకుని ఆడేవాళ్లు ఉంటారు, ఎప్పుడు లేవాల్సి వస్తుందో తెలియదు. అది నాకు తెలుసు. నేనడిగేది మిమ్మల్ని, రేపు ఆటలు తయారుచేసేవాళ్లని. సేవ్ ఎక్కడ పెడుతున్నారో అది సాంకేతిక విషయం అనుకోకండి. తమ్ముడూ, నువ్వు ఇందాక అడిగావు కదా, మ్యాప్ ఎంత పెద్దది చేయాలి అని. నా జవాబు ఇదే. ముందు ఇల్లు ఎక్కడ పెడతావో చెప్పు. ఆడేవాడు అక్కడికి ఎందుకు తిరిగి రావాలో చెప్పు. దారిలో వాడికి ఏం కరిగిపోతుందో చెప్పు, దివిటీ అయినా, మంత్రమైనా, జేబులో డబ్బయినా. అవి తేలితే మ్యాప్ ఎంత ఉండాలో అదే తేలుతుంది.

మాటలు చాలు. పక్క గదిలో టీవీలు పెట్టించాం, డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం ఇంగ్లీషు కాపీ ఒకదాంట్లో, మదర్ ఇంకోదాంట్లో ఉన్నాయి. ఇద్దరిద్దరుగా కూర్చోండి, ఒకరు ఆడండి, ఒకరు కాగితం మీద గీయండి. ఫోన్‌లో మ్యాప్ వెతకొద్దు, దయచేసి. మదర్ ఆడేవాళ్లు లేచే ముందు నాన్నకు ఫోన్ చేయండి, లేకపోతే తర్వాత కూర్చునేవాళ్లు మొదటి నుంచి ఆడాల్సి వస్తుంది. ఈలోపు ప్రశ్నలున్నవాళ్లు ఇక్కడే ఉండండి, మాట్లాడుకుందాం.